ఆరు వేల లోపు బొగ్గుల గ్రిల్: కుంపటి, సిగ్డీ, కెటిల్, డ్రమ్ములో ఏది కొనాలి?

బొగ్గుల గ్రిల్‌లో మనం డబ్బు పెట్టాల్సింది రెండింటి మీదే: రేకు మందం, గాలి దారి. చక్రాలు, పక్కన మడత బల్ల, మూత మీద గడియారంలా బిగించిన మీటరు, సంచీలో పటకారూ బ్రష్షూ చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ మూడు వేల గ్రిల్‌కి ఇన్ని హంగులు తగిలించారంటే ఆ ఖర్చు రేకులోనే మిగుల్చుకుని ఉంటారు. రేకు పలచనైతే నాలుగు వాడకాలకే వంకర తిరుగుతుంది. గాలి దారి సరిగా లేకపోతే అరగంటకే నిప్పులు బూడిద కప్పుకుని నీరసిస్తాయి. అప్పుడు ముక్క కాలదు, తన నీటిలో తానే ఉడుకుతుంది.

హైదరాబాద్‌లో పెరడున్న ఇళ్లు తగ్గిపోయాయి. చాలామందికి పెరడంటే మిద్దే. అందుకని ఈ పోలికంతా మిద్దె మీదో ఇంటి వెనక ఖాళీ జాగాలోనో, నలుగురైదుగురికి, నెలకు రెండు మూడు సార్లు వాడుకునేవాళ్ల కోసం. ఖర్చు ఆరు వేలు దాటకూడదు. ధరలు రమారమిగా చెప్పినవి, షాపును బట్టి, ఇనుము రేటును బట్టి మారతాయి.

ముందు తేలాల్సింది: ఏం కాలుస్తారు?

సాయంత్రం పాతబస్తీలో సీక్ కబాబ్ బండి ముందు ఐదు నిమిషాలు నిలబడితే సగం సంగతి అర్థమైపోతుంది. పొడవాటి ఇరుకు పెట్టె, అందులో నిప్పులు, అంచుల మీద అడ్డంగా సీకులు, చేతిలో విసనకర్రో పక్కన చిన్న ఫ్యానో. మూత లేదు. జాలీ కూడా లేదు. కైమా, బోటీ, చికెన్ టిక్కా అన్నీ రెండు మూడు సెంటీమీటర్ల మందానివే. సూటి సెగ మీద పది పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి. వీటి మీద మూత వేస్తే పైన పట్టాల్సిన ఎర్రటి పొర పట్టదు, ఆవిరికి మెత్తబడతాయి.

ఎముకతో ఉన్న లెగ్ పీసు, నిండు కోడి, మేక తొడ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. సూటి సెగలో పైన నల్లబడుతుంది, ఎముక పక్కన ఎర్రగానే ఉంటుంది. వీటికి నిప్పులు ఒక పక్కకి తోసి, మాంసం రెండో పక్కన పెట్టి, మూతేసి 35-40 నిమిషాలు ఓపిక పట్టాలి. నిండు కోడికైతే గంట పైనే. మూత ఉన్న గ్రిల్ అవసరమయ్యేది ఇక్కడే.

మక్క కంకులు, పచ్చడికి వంకాయలు, చిలగడదుంపలు, అప్పుడప్పుడు పావుకిలో పనీర్ మాత్రమే అయితే కుంపటి చాలు. దాని కోసం ఐదు వేలు పెట్టడం దండగ.

మన ఇళ్లలో కాల్చే వాటిలో ఎక్కువ భాగం మొదటి రకమే. అందుకే ఈ బడ్జెట్‌లో మా మొదటి ఓటు కెటిల్‌కి (మూత ఉన్న గుండ్రటి గ్రిల్) కాదు, మంచి మందం రేకుతో చేయించిన పొడుగు పెట్టెకి. దాన్నే ఇక్కడ సిగ్డీ అంటారు. ఆన్‌లైన్‌లో గ్రిల్ అని వెతికితే ముందు గుండ్రటి కెటిల్ కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాని దగ్గరే ఆగిపోతారు.

కుంపటి

ఇనప కుంపటి కొన్ని వందల్లో దొరుకుతుంది. 10-12 అంగుళాల వెడల్పు, మధ్యలో చువ్వల జాలీ, కింద బూడిద తీయడానికి, గాలి రావడానికి ఒక కిటికీ. దీని నిర్మాణంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కిందనుంచి గాలి లాగుతుంది, బూడిద తనంతట తానే రాలిపోతుంది. అరకిలో బొగ్గుతో ఇద్దరు ముగ్గురికి సరిపడా పని అవుతుంది. లోటల్లా ఒకటే: సెగంతా నడిమధ్యన. నాలుగు సీకులు పెడితే మధ్య రెండే కాలతాయి.

కొనేటప్పుడు చూడాల్సింది జింకు పూత. తెల్లగా, పువ్వులు పువ్వులుగా మెరిసే జీఐ రేకుతోనో పాత జీఐ బకెట్‌తోనో చేసిన కుంపట్లు ఉంటాయి. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగి, 907 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. విసిరిన నిప్పుల పొరలో వేడి అంతకు చేరుతుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి జ్వరం, ఒళ్లు నొప్పులు పట్టుకుంటాయి. వెల్డింగ్ పని చేసేవాళ్లందరికీ తెలిసిన జబ్బే ఇది. నల్ల ఇనుము కుంపటి తీసుకోండి, లేదా లోపల రెండు మూడు సెంటీమీటర్ల మందాన మట్టి మెత్తిన బకెట్ కుంపటి తీసుకోండి. మట్టి పొర వల్ల రేకు దాకా సెగ వెళ్లదు. కుంపటి ఎక్కువసేపు వేడిగా కూడా ఉంటుంది.

సిగ్డీ: రెడీమేడా, చేయించాలా?

బేగంబజార్‌లో గిన్నెల షాపుల దగ్గర, హోటల్ సామాన్లు అమ్మే చోట, ఆన్‌లైన్‌లో రెడీమేడ్ పెట్టెలు పదిహేను వందల నుంచి దొరుకుతాయి. వాటిలో ఎక్కువ 20 నుంచి 22 గేజి రేకు. గేజి అంకె పెరిగే కొద్దీ రేకు పలచనవుతుందని గుర్తుంచుకోండి: 16 గేజి అంటే రమారమి 1.6 మి.మీ., 18 అంటే 1.2, 20 అంటే 0.9, 22 అంటే 0.7. నెలకు రెండు సార్లు వాడేదానికి 16 గేజి కావాలి. 18తో సర్దుకోవచ్చు. అంతకంటే పలచనిది మన పనికి రాదు.

షాపులో గేజి ఎంత అని అడిగితే మీకు నచ్చే అంకే చెబుతారు. తూకం వేసి చూడండి. చదరపు మీటరు ఉక్కు రేకు ఒక మి.మీ. మందానికి 7.85 కిలోలు తూగుతుంది. 60 సెం.మీ. పొడవు, 25 వెడల్పు, 18 లోతు ఉన్న పెట్టెకి మొత్తం 0.456 చదరపు మీటర్ల రేకు పడుతుంది. 16 గేజిదైతే కాళ్లు, జాలీ లేకుండా ఐదున్నర నుంచి ఆరు కిలోలు ఉండాలి. అదే కొలతల పెట్టె రెండున్నర కిలోలే తూగిందంటే అది 22 గేజి, షాపులో ఏం చెప్పినా సరే.

స్టీలుదైతే తుప్పు పట్టదు కదా అనే ప్రశ్న వస్తుంది. మంచి స్టీలు రేకు నల్ల ఇనుము కంటే చాలా ఖరీదు, కాబట్టి ఈ బడ్జెట్‌లో వచ్చే స్టీలు సిగ్డీ తప్పనిసరిగా పలచగా ఉంటుంది. పైగా స్టీలు వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఆ వేడిని పక్కలకు తొందరగా పంచదు. దాంతో నిప్పు తగిలిన చోట ఉబ్బి ‘టప్’మని వంగుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని షాపులో చేసి చూపించే పరీక్షను నమ్మకండి. చవకదైన 202 రకానికీ, మంచిదైన 304 రకానికీ రెండింటికీ అయస్కాంతం దాదాపు అంటుకోదు. తేడా అలా తెలియదు.

మీ పేటలో గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో చేయించుకుంటే ఇనుము, మజూరీ కలిపి మూడు నాలుగు వేల దగ్గర తేలుతుంది. కానీ ‘బార్బెక్యూ స్టాండ్ కావాలి’ అని ఊరుకుంటే మిగిలిపోయిన రేకుతో ఏదో ఒకటి కట్టి ఇస్తారు. కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి.

పెట్టె కొలతలు పైన చెప్పినవే: 60, 25, 18. వెడల్పు 25 దాటనివ్వకండి. బజారులో దొరికే 18 అంగుళాల సీకు రెండు వైపులా అంచుల మీద ఆనాలి, పిడి బయట ఉండాలి. 30 సెం.మీ. చేస్తే పిడి దాకా సెగ తగిలి చెయ్యి కాలుతుంది. పొడవు 60 ఎందుకంటే, ఐదు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పది పదకొండు సీకులు పడతాయి. కిలో కైమాకి 80-100 గ్రాముల లెక్కన పది పన్నెండు సీకులు వస్తాయి. అంటే కిలో ఒకే విడతలో దాదాపు అయిపోతుంది. లోతు 18ని మూడుగా విడగొట్టుకోండి: అడుగున నాలుగు సెం.మీ. గాలికి, బూడిదకి, దాని పైన ఐదారు సెం.మీ. బొగ్గు, ఆ పైన ఎనిమిది సెం.మీ. ఖాళీ.

ఆ అడుగు నాలుగు సెంటీమీటర్లనే వెల్డర్లు ఎగ్గొడతారు. బొగ్గు నేరుగా అడుగు రేకు మీద కూర్చుంటే కిందనుంచి గాలి ఆడదు. పడ్డ బూడిద అక్కడే పేరుకుంటుంది. రేకు కూడా అక్కడే ముందు తినేస్తుంది. ఎక్స్‌పాండెడ్ జాలీ (రేకుని చీల్చి సాగదీసిన జాలీ) ముక్క కోయించి, నాలుగు మూలలా చిన్న యాంగిల్ (L ఆకారపు ఇనప పట్టీ) ముక్కల మీద ఆనేలా పెట్టించండి. వెల్డ్ చేయించకండి, తీసి దులుపుకోవాలి. మూడు నాలుగేళ్లలో అది కాలిపోతే అదొక్కటే మార్చుకోవచ్చు.

గాలి చిల్లులు అడుగున వద్దు. నిప్పు రవ్వలు మిద్దె మీద పడతాయి. పొడుగు పక్కల రెండింటికీ, అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులో, అంటే జాలీకి కిందుగా, 12 మి.మీ. చిల్లులు ఎనిమిదేసి సెంటీమీటర్లకు ఒకటి వేయించండి. ఒక వైపు చిల్లులకు జరిపే పట్టీ పెట్టిస్తే సెగ తగ్గించుకోవచ్చు. లేకపోయినా ఇబ్బందేమీ లేదు, తడి మట్టి ముద్దతో మూసుకునేవాళ్లున్నారు.

పై అంచుకి 20 మి.మీ. యాంగిల్ చుట్టూ వెల్డ్ చేయమనండి. ఇది లేకపోతే 16 గేజి రేకు కూడా పొడుగు పక్కన విల్లులా వంగుతుంది. అప్పుడు మధ్య సీకులు లోపలికి జారతాయి. కాళ్లు పైదాకా 75 సెం.మీ. వచ్చేలా, కింద కొంచెం బయటికి వాలి ఉండేలా, మధ్యలో అడ్డపట్టీతో. మిద్దె మీద గాలికి నిటారు కాళ్ల స్టాండు ఊగుతుంది. మధ్యలో తీసిపెట్టుకునే అడ్డరేకు ఒకటి చేయించుకుంటే నలుగురే ఉన్న రోజు సగం పెట్టెతో సరిపెట్టవచ్చు. మొత్తం పెట్టె నింపడానికి రెండు కిలోల బొగ్గు కావాలి, సగానికి కిలో చాలు. ఏడాది తిరిగేసరికి ఈ రేకు ముక్క ఖర్చు వచ్చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట వెల్డర్‌కి రెండు సార్లు చెప్పండి: “భాయ్, రెడ్ ఆక్సైడ్ వెయ్యొద్దు.” అలవాటు కొద్దీ పని అయిపోగానే గేటుకి కొట్టినట్టు కొట్టేస్తారు. లోపల పూసిన రంగు కాలుతూ నెలల తరబడి కంపు కొడుతుంది, ఆ పొగంతా ముక్కకి పడుతుంది. బయట మాత్రం కావాలంటే బండి సైలెన్సర్లకు వేసే వేడి తట్టుకునే పెయింట్ వేయించుకోవచ్చు.

ముక్కలు కాల్చుకోవడానికి పైన జాలీ కావాలంటే 6 మి.మీ. చువ్వలతో, చువ్వకీ చువ్వకీ మధ్య 10-12 మి.మీ. సందుతో చేయించండి. రెడీమేడ్ వాటితో వచ్చే మెరిసే జాలీ 3 మి.మీ. తీగ మీద క్రోమ్ పూత. ఆరు నెలల్లో పూత పొక్కులుగా లేస్తుంది. ఆ పొక్కులు ముక్కకి అంటుకుని నోట్లోకి వెళతాయి.

సీకుల విషయంలో ఒక్క మాట. గుండ్రటి సీకు కొనకండి. తిప్పినప్పుడు సీకు తిరుగుతుంది, ముక్క తిరగదు. ముక్కలకి నాలుగు పలకల 6 మి.మీ. సీకు, కైమాకి సెంటీమీటరు వెడల్పున్న పట్టీ సీకు. కైమా జారి నిప్పుల్లో పడితే నూటికి తొంభై మంది గ్రిల్‌ని తిడతారు కానీ తప్పు కైమా తడిది, లేదా నిప్పులు చల్లారాయి. కడిగిన కైమా బట్టలో పిండాలి, కిలోకి ఓ 50 గ్రాముల పుట్నాల పొడి కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, నిప్పులు బాగా ఎర్రగా ఉన్నప్పుడు పెట్టాలి. బయటి పొర తొందరగా గట్టిపడితే ఇక జారదు.

కెటిల్

గుండ్రటి గిన్నె, గుండ్రటి మూత ఉండే ఈ ఆకారం 1952లో షికాగోలో పుట్టింది. వెబర్ బ్రదర్స్ అనే లోహపు కర్మాగారంలో నీటి మీద తేలే బోయాలు చేసేవాళ్లు. అక్కడి జార్జ్ స్టీఫెన్ ఆ గోళాన్ని సగానికి కోసి పొయ్యి చేశాడు. గాలికి బూడిద ఎగిరి మాంసం మీద పడకుండా, మూతతో మంటని అదుపులో పెట్టాలన్నదే అతని ఆలోచన. అంటే కెటిల్ అసలు బలం మూత, మూత బలం అది ఎంత బిగువుగా కూర్చుంటుందన్న దానిలో ఉంది. నాలుగైదు వేల నకలు కెటిళ్లు బోల్తా పడేదీ అక్కడే.

షాపులో మూత పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఎక్కడైనా రెండు మూడు మిల్లీమీటర్ల సందు కనిపిస్తే, లేదా మూత ఒక చోట ఎగిరెగిరి పడితే వదిలేయండి. ఆ సందులోంచి గాలి దూరుతుంటే మీరు చిల్లులు ఎంత మూసినా సెగ తగ్గదు. వంట అయ్యాక నిప్పులు ఆరవు, మిగిలిన బొగ్గు కూడా బూడిదైపోతుంది. మంచి కెటిల్‌లో పైనా కిందా చిల్లులు మూసేస్తే నిప్పులు ఊపిరాడక ఆరిపోతాయి. మిగిలిన బొగ్గు వచ్చే వారానికి పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్ష వీలుకాదు కాబట్టి, తిరిగి పంపే గడువు ఉన్నప్పుడే పెట్టె విప్పి చూసుకోండి.

సైజు విషయంలో 14 అంగుళాల చిన్న కెటిల్ చూసి మోసపోవద్దు. దాని వైశాల్యం వెయ్యి చదరపు సెంటీమీటర్లు. నిప్పులు ఒక పక్కకి తోస్తే మాంసానికి మిగిలేది ఐదొందలు, మూడు లెగ్ పీసులకి చోటు. అలాంటప్పుడు మూత ఉన్నా లేనట్టే. 18 అంగుళాలది 1,600 దాకా వస్తుంది. అదే కనీసం. దానిలో రెండు పక్కలా పదిహేనేసి బ్రికెట్లు (పొడిని అచ్చు వేసిన బొగ్గు బిళ్లలు) పేర్చి మధ్యలో కోడి పెట్టొచ్చు, కింద నూనె చుక్కలకి పళ్లెం. 22 అంగుళాలది ఇంకా మేలు కానీ ఈ డబ్బుకి మందమైనది రాదు.

పూత చూడండి. పింగాణీ పూత గాజులా నున్నగా, చల్లగా తగులుతుంది. మామూలు రంగైతే గోరుతో అంచు దగ్గర గీకితే తెలుస్తుంది, రెండు మూడు వాడకాలకి పెళుసై రాలుతుంది. పింగాణీదైనా రవాణాలో పెచ్చు లేచి ఉంటే అక్కడ తుప్పు మొదలవుతుంది. లోపలి బొగ్గు జాలీ చేత్తో వంచి చూడండి. వంగితే ఏడాదిలో మధ్యలోంచి కూలిపోతుంది. ఇది మాత్రం పెద్ద లోపం కాదు, పైన చెప్పిన వెల్డరే 8 మి.మీ. చువ్వలతో మరొకటి చేసి ఇస్తాడు.

మూత మీటరు మూత పైభాగంలో వేడి చెబుతుంది, కోడి దగ్గర ఉన్న వేడి కాదు. దాన్ని పట్టించుకోకుండా గుచ్చే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. కోడి తొడలో ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి, కైమాకి 71 ఉండాలి.

కెటిల్‌లో సీక్ కబాబ్ చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ గుండ్రటి అంచు మీద సీకులు సరిగ్గా ఆనవు. అటూ ఇటూ ఇటుక ముక్కలు పెట్టాల్సి వస్తుంది. వారం వారం కోడి కాల్చే ఇల్లయితేనే దీనికి వెళ్లండి.

డ్రమ్ము, మడత గ్రిల్, తందూరు

200 లీటర్ల డ్రమ్ముని నిలువునా కోసి, బిజాగిరీ పెట్టి మూతలా చేసిన గ్రిల్ ఫాంహౌస్‌ల్లో కనిపిస్తుంది. ఇరవై మందికి పెట్టాలంటే దీన్ని మించింది లేదు. సగం డ్రమ్ము జాలీ దాదాపు ఐదు వేల చదరపు సెంటీమీటర్లు. నలుగురికి మాత్రం దుబారా, అడుగు కప్పడానికే నాలుగైదు కిలోల బొగ్గు పోయాలి.

అసలు భయం డ్రమ్ము ఎక్కడిదన్నది. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల నుంచి పాత డ్రమ్ములు బయటికి వస్తుంటాయి. వాటిలో సాల్వెంటు ఉండి ఉంటే, ఖాళీ అనుకున్న డ్రమ్ములో మిగిలిన ఆవిరి కటింగ్ నిప్పు తగిలి పేలిపోతుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. లోపల రసాయనం ఆనవాలు, దాని మీద లైనింగ్ పూత కూడా ఉంటాయి. మంట వేసి కాల్చేస్తే పోతాయన్న ధీమా వద్దు. కొత్త డ్రమ్మో, వంటనూనె డ్రమ్మో అని కళ్లతో చూసి తెలిస్తేనే ముట్టుకోండి.

బ్రీఫ్‌కేసులా మడిచే గ్రిల్ వెయ్యి, రెండు వేల మధ్య. 22-24 గేజి రేకు, నిప్పులకీ జాలీకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లు, ఎత్తు మార్చే వీలు లేదు. అందుకే పైన మాడి లోపల పచ్చి. బైకు మీద మొయినాబాద్ వైపు తీసుకెళ్లి ఏడాదికి రెండుసార్లు వాడేవాళ్లకి ఫరవాలేదు. ఇంటికి వద్దు.

మట్టి తందూరు మనసు లాగుతుంది. కానీ రోటీ, నాన్ రోజూ వేసేవాళ్లకే అది లాభం. గోడలు వేడెక్కడానికే గంట దాకా పడుతుంది, కిలోల కొద్దీ బొగ్గు తాగుతుంది, వానలో తడిసి మర్నాడు రాజేస్తే పగులుతుంది.

పత్థర్ కా గోష్ట్ చేయాలనుకుంటే

వేడి రాతిబండ మీద మాంసం కాల్చే ఈ వంట సంగతి హైదరాబాద్‌లో గ్రిల్ కొనేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. 30 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 4 మందం ఉన్న గ్రానైట్ బండ ఆరున్నర కిలోలు తూగుతుంది. మడత గ్రిల్ కాళ్లు ఆ బరువుకి మూసుకుపోతాయి, కెటిల్‌లో 4 మి.మీ. జాలీ గిన్నెలా కుంగుతుంది. సిగ్డీ అయితే యాంగిల్ అంచు మీద నేరుగా కూర్చుంటుంది. కావాలంటే బండ పొడవు 25 దాటేలా కోయించుకోండి. వంటింటి గట్టుకి వేసిన పాలిష్ ముక్క మాత్రం వాడకండి, దాని సన్నటి పగుళ్లలో రెజిన్ నింపి ఉంటారు. పాలిష్ లేని ముడిబండ తీసుకుని, కడిగితే రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, మొదట తక్కువ నిప్పుల మీద 40 నిమిషాలు మెల్లగా వేడెక్కనివ్వండి. తేమ ఉన్న బండ ఒక్కసారిగా వేడెక్కితే పెచ్చులు ఎగురుతాయి. వేడిగా ఉండగా నీళ్లు చల్లితే రెండు ముక్కలు.

బొగ్గు

గ్రిల్ ఎంత మంచిదైనా బొగ్గు చెడితే అంతే. కర్రబొగ్గే కావాలి. రాక్షసి బొగ్గు గంధకం పొగ వదులుతుంది, తినే దాని కింద పెట్టకూడదు. ఇక్కడ దొరికే కర్రబొగ్గులో చాలావరకు సర్కారు తుమ్మది. పొలాల గట్ల మీద ముళ్లకంపగా అందరూ తిట్టుకునే ఈ చెట్టు, అమెరికాలో బార్బెక్యూకి ఏరికోరి కొనుక్కునే మెస్కీట్‌కి దగ్గరి చుట్టం. గట్టిగా, వేడిగా మండుతుంది కానీ రాజుకునేటప్పుడు చిటపటమని రవ్వలు ఎగరేస్తుంది. రవ్వలు ఆగేదాకా పిల్లల్ని, చున్నీలని దూరం పెట్టండి.

ఇస్త్రీ బండ్లకి బొగ్గు అమ్మే కొట్లలో కిలోల్లెక్కన ఆన్‌లైన్ ధర కంటే బాగా తక్కువకి దొరుకుతుంది. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలిన పొడి బొగ్గు. మొద్దుగా చప్పుడైతే తడిసింది, లేదా సగమే కాలింది. నిమ్మకాయ నుంచి కోడిగుడ్డు సైజు ముక్కలు ఏరుకోండి, పొడి గాలి దారుల్ని మూసేస్తుంది. కొబ్బరి చిప్పల బ్రికెట్లు నెమ్మదిగా రాజుకుంటాయి, రవ్వలు ఉండవు, ఒకే తీరు సెగతో ఎక్కువసేపు నిలుస్తాయి. కెటిల్‌కి అవి మేలు, సీకులకి తుమ్మబొగ్గు మేలు.

రాజేయడానికి పెట్రోలు, శానిటైజర్ జోలికి పోవద్దు. ఐదు లీటర్ల పాత నూనె డబ్బా పైనా కిందా కోసేసి, అడుగున రెండు చువ్వలు అడ్డంగా దూర్చి, కింది అంచు చుట్టూ మేకుతో పదిహేను చిల్లులు కొడితే చిమ్నీ తయారు. కింద కొబ్బరి పీచు, దాని మీద రెండు కర్పూరం బిళ్లలు, పైన బొగ్గు. 15-20 నిమిషాల్లో పై ముక్కల అంచులు తెల్లబడతాయి. అప్పుడు గ్రిల్‌లో కుమ్మరించి, నల్లగా ఉన్నవన్నీ నివురు కప్పుకునేదాకా ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి. కర్పూరం మసి, వాసన ఆలోపు పోతాయి. ముక్క పెట్టే ఎత్తులో అరచెయ్యి ఉంచండి: రెండు మూడు సెకన్లలో తీసేయాల్సి వస్తే కైమాకి సరైన సెగ, ఐదారు ఆగగలిగితే చికెన్‌కి.

ఎక్కడ పెట్టాలి

మిద్దె మీద నేరుగా వద్దు. షాబాద్ బండ సున్నపురాయి జాతి, కాంక్రీటులో తేమ ఉంటుంది. రెండూ వేడికి పెచ్చులు లేస్తాయి. మిద్దెకి వాటర్‌ప్రూఫ్ పూత వేయించి ఉంటే అది పొంగి ఊడిపోతుంది. కాళ్ల కింద కాదు, మొత్తం గ్రిల్ నీడ పడే మేరకి ఇటుకలు పరిచి మీద రెండు సెంటీమీటర్ల ఇసుక పోయండి. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, పైపులు, డిష్ కేబుల్ నుంచి కనీసం రెండు మీటర్ల దూరం. సాయంత్రం గాలి ఎటు వీస్తుందో చూసుకుని, పిట్టగోడ ఆసరాలో పొడుగు పక్క గాలికి ఎదురుగా పెట్టండి. పొట్టి పక్క గాలికి ఎదురుగా పెడితే ఒక చివర మండి రెండో చివర చల్లారుతుంది.

బాల్కనీ, పోర్టికో, షెడ్డు లోపల అసలు వద్దు. చలికాలంలో వంట అయ్యాక వెచ్చదనానికి నిప్పుల్ని గదిలోకి తెచ్చుకుని తలుపులు వేసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌ని ముందే అడగడం మంచిది, గ్రిల్ కొన్నాక గొడవ పడేకంటే.

మొదటి మంట, వానాకాలం

కొత్త సిగ్డీలో మొదటి రోజు ఏమీ వండకండి. ఇనుము మీద మిల్లులో పూసిన నూనె, వెల్డింగ్ మసి ఉంటాయి. కిలోన్నర బొగ్గు పోసి గంటసేపు ఖాళీగా మండించాలి. గోరువెచ్చగా అయ్యాక బట్టతో తుడిచి, వంటనూనె పలచగా లోపలా బయటా రాయండి. ప్రతి వాడకం తర్వాత కూడా ఇదే.

బూడిద మర్నాడు ఉదయం తీసేయాలి, వదిలేయకూడదు. బొగ్గు బూడిద తేమని పట్టి ఉంచి రేకుని తుప్పు పట్టిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తడిసే మిద్దె మీద, అడుగున బూడిదతో వదిలేసిన సిగ్డీకి రెండు వానాకాలాలు చాలు చిల్లు పడటానికి. ఆ బూడిదలో పైకి కనిపించని నిప్పు రోజంతా ఉండొచ్చు కాబట్టి చెత్త బండికి ఇచ్చే ప్లాస్టిక్ బుట్టలో పోయకుండా, మూతున్న ఇనప బకెట్‌లో రెండు రోజులు ఉంచి తర్వాత పారేయండి.

ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి ఇంకా తొందరగా తుప్పు వస్తుంది. మెట్ల కింద చోటుంటే జాలీ తీసి, నూనె రాసి, పెట్టెని బోర్లించి పెట్టండి. మిద్దె మీదే ఉంచక తప్పకపోతే రెండు ఇటుకల మీద బోర్లించి, పైన ఒక సిమెంటు రేకు ముక్క వాలుగా పెట్టి, గాలికి ఎగరకుండా మీద మరో ఇటుక ఉంచితే చాలు. మిగిలిన బొగ్గు మాత్రం మూత బిగువుగా ఉండే డబ్బాలోకి. వానాకాలంలో సంచిలో ఉంచిన బొగ్గు గాలిలో తేమ తాగుతుంది, తర్వాత ఎండ కాసిన రోజు పరిచి ఆరబెట్టి గానీ వాడలేరు.